డబ్ల్యూ-2లో ఏడో గడి

ఏటా జనవరి నెలాఖర్లో మా ఆఫీసు నుంచి డబ్ల్యూ-2 ఫారం వస్తుంది. ఏడాదంతా ఎంత జీతం ఇచ్చారు, అందులో ఎంత పన్ను పట్టుకున్నారు అని చెప్పే ఒక్క పేజీ కాగితం. అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువాళ్ళకి దీన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. మొదటి గడిలో జీతం చూసుకుంటాం, రెండో గడిలో పోయిన పన్ను చూసి నిట్టూరుస్తాం, మిగతా అంకెల్ని కంప్యూటర్లోకి ఎక్కించేసి మర్చిపోతాం. నా ఫారంలో ఏడో గడి, ఎనిమిదో గడి ఎప్పుడూ ఖాళీయే. పదేళ్ళలో ఒక్కసారి కూడా అవేమిటా అని చూళ్ళేదు.

వాటిని మొదటిసారి చూసింది వేరేవాళ్ళ ఫారంలో. డాలస్‌కి ఉత్తరాన మేం తరచూ వెళ్ళే ఒక తెలుగు హోటల్లో వడ్డించే అక్క ఒకావిడ ఉంది. కృష్ణా జిల్లా మనిషి, కూతుర్ని ఒంటిచేత్తో చదివించుకుంటోంది. 2021 ఫిబ్రవరిలో ఒకరోజు బిల్లుతోపాటు ఒక కాగితం కూడా తెచ్చి, "తమ్ముడూ, నువ్వు కంప్యూటర్లోనే కదా, ఇది కాస్త చూసిపెట్టవూ" అంది. అది అంతకుముందు ఆవిడ పనిచేసిన చోటు నుంచి వచ్చిన డబ్ల్యూ-2. ఏడో గడిలో ఒక అంకె ఉంది. 'సోషల్ సెక్యూరిటీ టిప్స్' అని దాని పేరు. చాలా చిన్న అంకె. తనకి నిజంగా వచ్చిన టిప్పుల్లో అది నాలుగో వంతు కూడా కాదని ఆవిడే చెప్పింది. అక్కడి యజమాని నగదు టిప్పులు లెక్కలోకి ఎక్కించేవాడు కాదట. "నీకే మంచిది, పన్ను పడదు" అనేవాడట. ఈవిడా సంతోషించింది. 2020 మార్చిలో కరోనాకి హోటళ్ళు మూతపడి, నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకుంటే మాత్రం, కాగితం మీద ఉన్న సంపాదనని బట్టే భృతి లెక్కకట్టారు. కాగితం మీద లేని టిప్పులు అసలు లేనట్టే అయ్యాయి.

గత ఏడాది జులైలో కొత్త చట్టం వచ్చాక, "టిప్పుల మీద టాక్సు తీసేశారట కదా తమ్ముడూ?" అని మళ్ళీ ఆవిడే అడిగింది. అవునని చెప్పబోయి ఆగాను. నేను చరిత్రకారుణ్ణి కాను, రోజూ కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. కానీ ఆ రెండు గడులు ఎక్కణ్ణించి వచ్చాయా అని వెతుక్కుంటూ పోతే దొరికిన కథ చాలా పాతది, పన్నుల కన్నా పెద్దది.

టిప్పు మీద పన్ను వెయ్యాలా వద్దా అన్న ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న ఉంది. టిప్పు అంటే కానుకా, కూలా? కానుకైతే పుచ్చుకున్నవాళ్ళు పన్ను కట్టక్కర్లేదు. కూలైతే కట్టాలి. ఈ తికమక తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. మనం టిప్పుని ఈనాము అనీ అంటాం. అదే మాట ఒకప్పుడు భూమికి వాడారు. ఊళ్ళో వడ్రంగి, కమ్మరి, బట్టలుతికేవాళ్ళు, క్షౌరం చేసేవాళ్ళు తరతరాలుగా చేసే పనికి బదులుగా శిస్తు లేకుండానో, నామమాత్రపు శిస్తుతోనో ఇచ్చిన పొలం ఇనాం, లేదా మాన్యం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ వేసినప్పుడు అధికారులు తేల్చుకోవాల్సి వచ్చిన చిక్కు కూడా ఇలాంటిదే. ఇది దొరగారి దయా, పనికి ప్రతిఫలమా? పని ఆపేస్తే పొలం వెనక్కి పోతుందా? ఎవరికి ఎంత శిస్తు పడుతుందన్నది ఆ జవాబుని బట్టే ఉండేది. అది వేరే పెద్ద కథ. కానీ ఒకే మాటలో దయా, కూలీ రెండూ ఇమిడిపోవడం గుర్తుంచుకుంటే అమెరికా కథ సులువుగా అర్థమవుతుంది.

అమెరికాకి టిప్పు యూరప్ నుంచి వచ్చింది. అంతర్యుద్ధం తర్వాత ఓడలెక్కి యూరప్ తిరిగొచ్చిన డబ్బున్నవాళ్ళు అక్కడి దొరల అలవాటుని వెంట తెచ్చుకున్నారు. సరిగ్గా అదే కాలంలో లక్షల మంది నల్లజాతివాళ్ళు బానిసత్వం నుంచి బయటపడి పని వెతుక్కుంటున్నారు. ఈ రెండూ కలిసిన చోటు రైలు పెట్టె. 1867లో జార్జ్ పుల్‌మన్ తన పేరు మీద కంపెనీ పెట్టి, పడకలున్న విలాసవంతమైన రైలు పెట్టెల్ని నడిపాడు. వాటిలో పక్కలు వెయ్యడానికి, బూట్లు తుడవడానికి, సామాను మొయ్యడానికి నల్లజాతి మగవాళ్ళని, మొదట్లో ఎక్కువగా బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళనే పెట్టుకున్నాడు. ప్రయాణికులు వాళ్ళని సొంత పేరుతో పిలిచేవాళ్ళు కాదు. అందర్నీ 'జార్జ్' అనేవాళ్ళు. బానిసని యజమాని పేరుతో పిలిచే పాత అలవాటుకి అది కొనసాగింపు.

జీతం నామమాత్రం. మిగతాది ప్రయాణికుల చేతుల్లోంచి రావాలి. 1915లో పారిశ్రామిక సంబంధాల మీద ఫెడరల్ కమిషన్ విచారణ జరిపినప్పుడు పోర్టరు మూల వేతనం నెలకి 27.50 డాలర్లని తేలింది. ఆ విచారణలో కంపెనీ తరఫున సాక్ష్యం చెప్పినవాళ్ళలో ఒకాయన రాబర్ట్ టాడ్ లింకన్. అబ్రహాం లింకన్ కొడుకు. 1897 నుంచి 1911 దాకా పుల్‌మన్ కంపెనీ అధ్యక్షుడు, ఆ తర్వాత బోర్డు ఛైర్మన్. తండ్రి విడుదల చేసినవాళ్ళకి కొడుకు జీతం బదులు టిప్పు చూపించాడు. ఇలాంటిది నవల్లో చదివితే రచయిత మరీ అతి చేశాడనుకుంటాం.

ఇక్కడ నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో ఈ పోర్టర్లు యూనియన్ పెట్టుకున్నప్పుడు వాళ్ళు అడిగింది ఎక్కువ టిప్పులు కాదు, టిప్పుల అవసరం లేని జీతం. అప్పటికి నెలకి 67.50 డాలర్లు వస్తున్నాయి. 1927లో ఆ యూనియన్ అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ దగ్గరికి వెళ్ళి, ఈ టిప్పుల పద్ధతినే ఆపించమని కోరింది. అది తమ పరిధిలో లేదని కమిషన్ తోసిపుచ్చింది. కంపెనీతో మొదటి ఒప్పందం కుదరడానికి 1937 దాకా, అంటే పన్నెండేళ్ళు పట్టింది. టిప్పు అందుకునే చేతులే టిప్పు వద్దన్న ఈ సంగతి ఇవాళ్టి చర్చల్లో ఎక్కడా వినపడదు.

మధ్యలో టిప్పుని చట్టంతో నిషేధించిన ముచ్చట కూడా ఉంది. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం మొదలుపెడితే మిసిసిపీ, ఆర్కన్సా, అయోవా, దక్షిణ కరొలైనా, టెనెసీ వరసగా అందుకున్నాయి. ప్రజాస్వామ్యంలో ఒక పౌరుడు ఇంకో పౌరుడి ముందు చెయ్యి చాచకూడదన్నది వాళ్ళ వాదన. వినడానికి బావుంది. కానీ నిషేధించినవాళ్ళెవరూ ఆ చాచిన చేతికి ఎవరు జీతం ఇవ్వాలో రాయలేదు. అయోవా చట్టాన్ని 1919లో అక్కడి సుప్రీం కోర్టు కొట్టేసింది. 1926 నాటికి మిగతావీ పోయాయి.

ఇప్పుడు మా ఊరికి వస్తాను. డాలస్ నడిబొడ్డున యూనియన్ స్టేషన్ ఉంది, 1916లో కట్టిన తెల్లటి భవనం. ఆఫీసు పనిమీద ఎన్నోసార్లు దాని ముందునుంచి వెళ్ళాను. ఒక సుప్రీం కోర్టు తీర్పుకి దానితో సంబంధం ఉందని మొన్నమొన్నటిదాకా తెలీదు. మన స్టేషన్లలో ఎర్ర చొక్కా కూలీల్లాగా ఇక్కడ ఎర్ర టోపీ కూలీలు ఉండేవాళ్ళు, 'రెడ్‌క్యాప్స్'. దాదాపు అందరూ నల్లజాతివాళ్ళే. స్టేషన్ కంపెనీ వాళ్ళకి జీతం ఇచ్చేది కాదు. సామాను మోస్తే ప్రయాణికులు ఇచ్చిందే సంపాదన. 1938లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం కనీస వేతన చట్టం తెచ్చింది, గంటకి 25 సెంట్లు. స్టేషన్ కంపెనీలు ఉలిక్కిపడ్డాయి. ఇన్నాళ్ళూ పైసా ఇవ్వనివాళ్ళకి ఇప్పుడు గంటకి పావు డాలరా?

దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం చూడండి. కూలీలకి నోటీసులిచ్చారు. ఈరోజు నుంచి మీకొచ్చిన టిప్పులన్నీ రాసి మాకు చెప్పాలి, అవి గంటకి 25 సెంట్లు దాటితే మీ కనీస వేతనం మీకు ముట్టినట్టే, తక్కువైతే ఆ తక్కువ మేము కలుపుతాం, అని. అంటే ప్రయాణికుడు కూలీ చేతిలో పెట్టిన నాణెం, యజమాని ఇచ్చిన జీతంగా మారిపోయింది. కూలీలు కోర్టుకెళ్ళారు. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ టెర్మినల్ కేసూ, డాలస్ యూనియన్ టెర్మినల్ కేసూ కలిపి విచారించి 1942లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. కంపెనీలదే గెలుపు. యజమాని ముందే చెప్పి లెక్క పెడితే టిప్పుని కనీస వేతనం కింద జమ చేసుకోవచ్చంది. న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ ఒప్పుకోలేదు కానీ మెజారిటీ అటు లేదు.

ఆనాటి కూలీలు టిప్పుల లెక్క చెప్పడం మొదలుపెట్టింది పన్ను కోసం కాదు, యజమాని జీతం ఎగ్గొట్టడం కోసం. కాబట్టి టిప్పు దాచుకునే అలవాటుని పన్ను ఎగవేత అని మాత్రమే చూస్తే చరిత్రలో సగం వదిలేసినట్టే.

పన్ను సంగతి ఈ సమయంలోనే తలెత్తింది. అమెరికాలో ఆదాయపు పన్ను 1913 నుంచీ ఉంది. ఏ రూపంలో ఇచ్చినా సరే, చేసిన సేవకి వచ్చిన ప్రతిఫలం ఆదాయమేనని మొదటి చట్టమే చెప్పింది. కానీ అప్పుడు 3,000 డాలర్ల దాకా పన్నే లేదు. పోర్టర్లూ వెయిటర్లూ ఆ గీతకి ఎక్కడో కింద ఉండేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం దాన్ని మార్చేసింది. యుద్ధం ఖర్చుకి 1942లో పన్ను గీతని బాగా కిందికి దించారు, ఒంటరివాళ్ళకి 500 డాలర్లకి. 1943 నుంచి జీతంలోంచే కోత మొదలైంది. పెద్దవాళ్ళ పన్ను అందరి పన్నయింది. దాంతో టాక్సీ డ్రైవరు జేబులో చిల్లర కూడా ప్రభుత్వం కంట్లో పడింది. 1949లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఒకటి టాక్సీ డ్రైవర్ల టిప్పులు కానుకలు కావు, ఆదాయమేనంది. అంతకు రెండేళ్ళ ముందు, 1947లో ఇంగ్లండులో కూడా ఒక టాక్సీ డ్రైవరు కేసులోనే ఇదే మాట వచ్చింది. అక్కడి న్యాయమూర్తి చిన్న మినహాయింపు ఇచ్చాడు. మామూలు టిప్పు ఆదాయమే, కానీ రోజూ ఎక్కే ఆసామీ ఆ మనిషి మీద అభిమానంతో క్రిస్మస్‌కి ఏదైనా పెద్ద మొత్తం ఇస్తే అది కానుక కావచ్చు అన్నాడు. సంక్రాంతికి పనిమనిషికి చీర పెట్టే ఇళ్ళలో పెరిగిన మనకి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. జీతం వేరు, పండక్కి పెట్టింది వేరు. ఐతే ఆ చీర పెట్టకపోతే పనిమనిషి మానేస్తుందేమోనన్న భయంతో పెడితే? అప్పుడది ఏమిటి?

1960లో అమెరికా సుప్రీం కోర్టు కానుక అంటే ఏమిటో నిర్వచించాల్సి వచ్చింది. అది టిప్పు కేసు కాదు. ఒక వ్యాపారి తనకి బేరాలు చూపించిన స్నేహితుడికి కాడిలాక్ కారు ఇచ్చాడు. అది కానుక కాదంది కోర్టు. ఏ బాధ్యతా, ఏ ఆశా లేకుండా మనసులోంచి వచ్చిన ఔదార్యమైతేనే కానుక. ఈ కొలబద్దకి అసలు పరీక్ష 1976లో లాస్ వేగాస్‌లో ఎదురైంది. అక్కడి జూదశాలల్లో పాచికల బల్ల దగ్గర పనిచేసే ఓల్క్ అనే అతను, తనకి జూదగాళ్ళు ఇచ్చే బిళ్ళల మీద పన్ను వెయ్యకూడదని వాదించాడు. అతని వాదన గట్టిదే. మేము వాళ్ళకి చేసే సేవేం లేదు. వాళ్ళతో చనువుగా మాట్లాడకూడదని యాజమాన్యం ఆజ్ఞ. వందమందిలో ఐదుగురో పదిమందో మాత్రమే ఇస్తారు. గెలిచిన ఊపులోనో, మూఢనమ్మకంతోనో ఇస్తారు. కింది కోర్టు ఒప్పుకుని అవి కానుకలేనంది. అప్పీలు కోర్టు తిరగేసింది. ఆ బిళ్ళ అదృష్ట దేవతలకి కట్టే ముడుపు లాంటిది, ముడుపు కట్టేవాడు తిరిగి ఏదో ఆశిస్తాడు, కాబట్టి అందులో నిష్కామం లేదు అన్న ధోరణిలో సాగుతుంది తీర్పు. పైగా డీలర్లందరూ రోజూ వాటిని పోగేసి సమానంగా పంచుకుంటున్నారు, అది జీతం లాగే ఉంది అంది. తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. కానీ చదువుతుంటే తిరుపతి హుండీలో ముడుపు వేసే మా బామ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మన సుప్రీం కోర్టు ఇదే ముడిని వేరేవైపు నుంచి విప్పింది. హోటల్లో కస్టమర్లు కార్డు మీద ఇచ్చే టిప్పుల్ని యాజమాన్యం వసూలు చేసి ఉద్యోగులకి పంచుతోంది కాబట్టి అది జీతమేనని, దాన్నుంచి టీడీఎస్ కొయ్యాల్సిందేనని ఆదాయపు పన్ను శాఖ ఐటీసీ మీద పట్టుబట్టింది. 2016లో కోర్టు కాదంది. ఆ డబ్బు యజమానిది కాదు, కస్టమరుది, యజమాని మధ్యలో చేతులు మార్చాడంతే అంది. ఉద్యోగి చేతిలో అది ఆదాయమే, 'ఇతర మార్గాల ఆదాయం'. కానీ జీతం కాదు. అమెరికా కోర్టులు దేనికోసం ఇచ్చారని అడిగితే మన కోర్టు ఎవరిచ్చారని అడిగింది. ఎర్ర టోపీ కూలీల కేసులో ఈ రెండో ప్రశ్న ఎవరైనా గట్టిగా అడిగుంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది.

ఇక ఏడో గడి. అమెరికాలో 1965లో సోషల్ సెక్యూరిటీ చట్టాన్ని సవరించినప్పుడు టిప్పుల్ని మొదటిసారి పింఛను లెక్కలోకి తెచ్చారు. నెలకి 20 డాలర్లు, అంతకు మించి టిప్పులొస్తే పనివాళ్ళు యజమానికి రాసివ్వాలి. ఆ 20 డాలర్ల గీత అరవయ్యేళ్ళుగా కదల్లేదు. చట్టం ఉద్దేశం మంచిదే. జీవితమంతా టిప్పుల మీద బతికినవాళ్ళు ముసలితనంలో రెండు డాలర్ల జీతం మీద పింఛను తీసుకోకుండా ఉండటానికి. ఐతే అప్పుడు కూడా ఆ టిప్పుల మీద పనివాళ్ళు తమ వాటా కట్టారు, యజమాని కట్టలేదు. యజమాని పూర్తి వాటా కట్టాల్సి వచ్చింది 1988లో.

ఎనిమిదో గడి 1982 చట్టంతో పుట్టింది. టిప్పులు తక్కువ చూపిస్తున్నారని ప్రభుత్వానికి అనుమానం. అందుకని పదిమందికి మించి పనిచేసే పెద్ద హోటళ్ళలో అందరూ చూపించిన టిప్పులు అమ్మకాల్లో 8 శాతం కన్నా తక్కువైతే, ఆ తేడాని యజమాని పనివాళ్ళ మధ్య పంచి ఎనిమిదో గడిలో వెయ్యాలి. అంటే రాని టిప్పు కూడా రాసుకోవాల్సి రావచ్చు. అంతటితో ఆగలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఫియోర్ దితాలియా అనే పాత ఇటాలియన్ హోటలు ఉండేది. పన్ను శాఖ దాని 1991, 1992 కార్డు రసీదులు తీసి సగటున సుమారు 14 శాతం టిప్పు పడుతోందని లెక్కకట్టింది. నగదు ఇచ్చినవాళ్ళూ అంతే ఇచ్చుంటారని ఊహించి, యజమాని వాటా పన్ను వేసింది. హోటలు సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 2002లో ఓడిపోయింది. సగటుతో అందర్నీ కొలవడం నా వృత్తిలో రోజూ చేసే పనే. ఆ సగటు వెనక ఎవరికి ఎంత తగ్గిందో డేటా ఎప్పుడూ చెప్పదు. నగదు ఇచ్చేవాళ్ళు సాధారణంగా తక్కువే ఇస్తారని ఏ సర్వరునడిగినా చెబుతారు.

ఇంతలో యజమానులకి ఒక ఊరట దొరికింది. దాన్ని గురించి నేను ఇదివరకు ఎప్పుడూ వినలేదు. 1993లో కాంగ్రెస్ ఒక చిన్న సెక్షన్ చేర్చింది. టిప్పుల మీద యజమాని కట్టిన సోషల్ సెక్యూరిటీ వాటాలో చాలా భాగాన్ని ఆయన తన ఆదాయపు పన్నులోంచి తిరిగి తగ్గించుకోవచ్చు. అంటే 'టిప్పుల మీద పన్ను లేదు' అన్నది యజమానులకి 1993లోనే వచ్చేసింది. పనివాళ్ళ పేరు మీద ఆ నినాదం వినపడటానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది.

ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ఏ గడిలోనూ ఉండదు. 2.13. ఎర్ర టోపీ కేసులో పుట్టిన లెక్కని 1966లో చట్టంలోకి ఎక్కించి, హోటల్ పనివాళ్ళ కనీస వేతనంలో సగం దాకా టిప్పుల్లోంచి జమ చేసుకోవచ్చన్నారు. 1991లో కనీస వేతనం 4.25 అయినప్పుడు దానిలో సగం, 2.13. 1996లో కనీస వేతనం పెంచుతూ ఆ సగం లంకెని తెంపేశారు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి 7.25. కానీ టిప్పులు తీసుకునేవాళ్ళకి యజమాని ఇవ్వాల్సింది మాత్రం ఇవాళ్టికీ గంటకి 2.13. కాలిఫోర్నియా, వాషింగ్టన్, మినెసోటా లాంటి ఏడు రాష్ట్రాల్లో ఈ తేడా లేదు, టిప్పుతో పని లేకుండా పూర్తి వేతనం ఇవ్వాలి. టెక్సస్‌లో మాత్రం 2.13.

అక్క లాంటివాళ్ళ జీతం చెక్కు ఎలా ఉంటుందో ఒక లెక్క వేస్తాను. వారానికి 30 గంటలు, 2.13 చొప్పున 63 డాలర్ల 90 సెంట్లు. అదే వారం టిప్పులు 450 వచ్చాయనుకుందాం. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం కోత మొత్తం 513.90 మీద పడుతుంది, కానీ కొయ్యడానికి యజమాని చేతిలో ఉన్నది ఆ 63.90 మాత్రమే. అందులోంచి 39 డాలర్ల చిల్లర పోతుంది. ఆదాయపు పన్ను కూడా కోస్తే మిగిలేది పది, పదిహేను. టిప్పులు ఇంకాస్త ఎక్కువ వస్తే చెక్కు మీద సున్నా ఉంటుంది. వారమంతా పనిచేసినవాళ్ళ చేతికి సున్నా డాలర్ల చెక్కు ఇవ్వడం ఈ రాష్ట్రంలో వింతేం కాదు. టిప్పుల మీద పన్ను అన్యాయమని పనివాళ్ళకి అనిపించడంలో ఆశ్చర్యం లేదు. కాగితం అలాగే చెబుతుంది మరి. పన్ను పెద్దదని కాదు, జీతం చిన్నదని అలా అనిపిస్తోందన్న సంగతి ఆ చెక్కు మీద కనపడదు.

2024 జూన్‌లో డొనాల్డ్ ట్రంప్ టిప్పుల మీద పన్ను తీసేస్తానన్నది లాస్ వేగాస్ సభలో. ఆగస్టులో కమలా హారిస్ అదే మాట అన్నదీ లాస్ వేగాస్‌లోనే. ఓల్క్ పనిచేసిన ఊరు కదా, పాత బాకీ ఏదో ఉన్నట్టుంది. 2025 జులై 4న సంతకమైన చట్టం ప్రకారం 2025 నుంచి 2028 దాకా ఏడాదికి 25,000 డాలర్ల టిప్పుల్ని ఆదాయపు పన్ను లెక్కలోంచి మినహాయించుకోవచ్చు. ఆదాయం లక్షన్నర దాటితే మినహాయింపు కరుగుతూ పోతుంది. కస్టమరు ఇష్టపూర్వకంగా ఇచ్చిందే టిప్పు. ఎనిమిదిమంది వెళ్తే బిల్లులో తానే 18 శాతం కలిపేసుకునే హోటళ్ళలో ఆ డబ్బు టిప్పు కాదు, జీతం కింద లెక్క. మన వారాంతపు పార్టీలన్నీ ఇలాంటివే, గమనించండి. ఏయే వృత్తులవాళ్ళకి వర్తిస్తుందో ట్రెజరీ ఒక జాబితా తయారుచేసింది. అందులో వెయిటర్లు, మంగలి పనివాళ్ళతోపాటు డిజిటల్ కంటెంట్ క్రియేటర్లు కూడా ఉన్నారు.

ఈ మినహాయింపు నాకు నచ్చలేదు. ఒకే హోటల్లో ఇద్దర్ని తీసుకోండి, ఇద్దరూ ఒంటరివాళ్ళే, ఇద్దరికీ ఏడాదికి 22,000. ఒకరు దోసెలు వేస్తారు, అంతా జీతమే. ఇంకొకరు ఆ దోసె తెచ్చి పెడతారు, అందులో 15,000 టిప్పులు. అందరికీ ఇచ్చే 15,750 తగ్గింపు పోయాక పెనం దగ్గర నిలబడ్డ మనిషి 6,250 మీద పది శాతం, 625 డాలర్లు కడతారు. బల్ల దగ్గరికి వచ్చిన మనిషి సున్నా. ఈ తేడాకి కారణం ఏం చెబుతాం? టిప్పు కానుక అనా? దశాబ్దాలుగా కోర్టులు కాదన్నాయి, కొత్త చట్టం కూడా కానుక అనలేదు. అది ఆదాయమే, కానీ పన్ను వెయ్యం అంది. టిప్పు ఆదాయమేనని, దాని మీద అందరి ఆదాయం మీద వేసినట్టే పన్ను వెయ్యాలని నేననుకుంటాను. అంతకంటే ముందు 2.13 పోవాలి. ఇప్పుడు జరిగింది దానికి తిరగేసి. పన్ను ప్రభుత్వం వదులుకుంది, జీతం సంగతి యజమానిని ఎవరూ అడగలేదు. యేల్ విశ్వవిద్యాలయం బడ్జెట్ ల్యాబ్ లెక్కలో, 2022లో టిప్పుల మీద బతికేవాళ్ళలో 37 శాతం మంది ఆదాయం మరీ తక్కువై అసలు ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టే స్థితిలోనే లేరు. వాళ్ళకి ఈ మినహాయింపు ఇచ్చేదేమీ లేదు.

అక్క ఆ 37 శాతం లోదే. ఈ ఫిబ్రవరిలో ఆవిడ 2025 ఫారం చూశాను. జీతం, టిప్పులు కలిపి సుమారు 26,000. ఏడో గడి ఈసారి నిండుగా ఉంది, ఇప్పుడు పనిచేసే చోట అంతా లెక్కలోనే. కాలేజీలో చదివే కూతురు ఉంది కాబట్టి తగ్గింపు 23,625. మిగిలిన 2,375 మీద పడే 237 డాలర్లని కూతురి పేరు మీద వచ్చే 500 క్రెడిట్ మింగేస్తుంది. కొత్త చట్టం లేకపోయినా ఆవిడ కట్టాల్సిన ఆదాయపు పన్ను సున్నాయే.

"అంటే నాకేం రాదా?" అంది.

"కొత్తగా ఏం రాదక్కా. నీకు అసలు పోతున్నది ఇది," అని నాలుగో గడి, ఆరో గడి చూపించాను. రెండూ కలిపి 1,989. చట్టం దాన్ని ముట్టుకోలేదు.

"అదెందుకు మరి?"

"నీ పింఛను కింద పోతుంది. అరవై దాటాక."

కాసేపు కాగితం చూస్తూ కూచుంది. వచ్చే ఏడాది నుంచి ఈ ఫారంలో పద్నాలుగో గడిని రెండుగా చీల్చి టిప్పుల వృత్తి కోడ్ రాయడానికి చోటు పెడుతున్నారని చెప్పాను. ఆవిడకి అదేం ఆసక్తిగా అనిపించలేదు. లోపల ఎవరో పిలిస్తే లేచింది. నేను బిల్లు తీసుకుని, అలవాటు ప్రకారం, టిప్పు నగదు ఇవ్వనా అని జేబులో చెయ్యి పెట్టాను.

"కార్డు మీదే రాయి తమ్ముడూ," అంది వెళ్తూ వెళ్తూ. "లెక్కలో పడనీ."